పద్నాలుగు కుటుంబాలు, ఒక ఫోన్ నంబరు

జులైలో ఒక బుధవారం పొద్దున హారిసన్‌లో మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మెయిల్ తెరిస్తే ఒక ప్లాను వచ్చి ఉంది. కారవాన్లలో, అంటే చక్రాల మీది ఇళ్ళలో బతికే కుటుంబాలకి ఒక సిటీ కౌన్సిల్ కొత్తగా ఇవ్వబోయే స్థలం తాలూకు ప్లాను. గళ్ళు గీసి నంబర్లు వేశారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ఉన్నాయి. పదో గడి కోసం కాగితాన్ని కిందికి జరిపాను, పెద్దది చేసి చూశాను, రెండో పేజీ ఉందేమోనని వెతికాను. లేదు.

ఈ దేశంలో ఎండాకాలం జనవరిలోనే. ఆ ఎండలో వాళ్ళుండే మైదానమంతా తిరిగి ఇరవై రెండు కుటుంబాల ఫారాలు నింపింది నేనే.

ఆ ఊరు మా ఇంటికి రెండు గంటల ప్రయాణం. పేరు రాయను. రాస్తే తప్పు ఊరిదనుకుంటారు. నేను పని చేసే కన్సల్టెన్సీకి కౌన్సిల్ ఒక సర్వే అప్పగించింది. వాళ్ళకి పాత మైదానం కావాలి, అందులో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళకి వేరే చోట స్థలం చూపించాలి. ఎన్ని కుటుంబాలుంటే అన్ని స్థలాలు, అది మా రిపోర్టు చెప్పాలి. లెక్కలోకి రాని కుటుంబానికి కొత్త చోట బండి నిలిపే హక్కు ఉండదు. ఎవరి దారిన వాళ్ళు టూరిస్టుల కారవాన్ పార్కులు వెతుక్కోవాలి. ఇంత సులువైన విషయాన్ని మేము నలభై పేజీల్లో రాశాం.

ఆ ఇరవై రెండిట్లో ఎనిమిది కుటుంబాలు విడివిడిగా వచ్చి చేరినవాళ్ళవి. మిగతా పద్నాలుగూ ఒకే వంశం. తాతముత్తాతల నాటి నుంచి షోలు నడిపేవాళ్ళు. షో అంటే మన తిరనాళ్ళ లాంటిదే, పశువుల పోటీలు కూడా ఉంటాయి. రంగులరాట్నం, బొమ్మకార్లు, పీచుమిఠాయి బండి, తుపాకీతో బెలూన్లు కొట్టే కొట్టు, ఇవన్నీ లారీలకెత్తుకుని ఏడాదిలో తొమ్మిది నెలలు ఊరూరా తిరుగుతారు. డిసెంబరులో ఈ మైదానానికి తిరిగొచ్చి, కారవాన్ వ్యాన్లను తలుపులు లోపలికి తిరిగేలా వరసగా నిలిపి, ఎండాకాలమంతా కలిసి ఉంటారు. పెళ్ళిళ్ళు, రిపేర్లు, తగాదాలు, రాజీలు అన్నీ అప్పుడే.

తిరగనిది ఒక్క ముసలామె. మోకాళ్ళు అరిగిపోయాక పన్నెండు నెలలూ అక్కడే ఉంటోంది. అందరూ ఆమెని గ్రాన్ అంటారు, బామ్మ అన్నట్టు. నేను అలవాటు కొద్దీ ఆంటీ అన్నాను. "నీకు నేనెప్పుడు ఆంటీనయ్యాను లవ్, గ్రాన్ అను చాలు" అంది. ఆమె ఇంగ్లీషులో అన్నవి నాకు వినపడిన తెలుగులో రాస్తున్నాను. టీ తాగుతావా అని అడిగితే మర్యాదకి వద్దండి అన్నాను. మనవాళ్ళయితే ఇంకో రెండుసార్లు బలవంతం చేస్తారు. ఆమె సరే అని కెటిల్ కట్టేసింది. నలభై డిగ్రీల ఎండలో నాలుక పిడచకట్టుకుపోయి నాలుగు గంటలు ఫారాలు నింపాను. నా మర్యాద నన్నే కాల్చుకు తింది.

ప్రతి వ్యాను దగ్గరా ఒకే సంగతి జరిగింది. ఫోన్ నంబరు అడగ్గానే, "గ్రాన్ నంబరు రాసుకో" అనేవాళ్ళు. రోడ్డు మీద సిగ్నల్ ఉండదు, ప్రీపెయిడ్ సిమ్ములు మారిపోతుంటాయి, ఉత్తరాలొచ్చినా ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసినా గ్రాన్‌కే. లారీల తలుపుల మీద కూడా పెయింటుతో ఆ నంబరే రాయించుకున్నారు. పద్నాలుగోసారి రాస్తూ, "మీ గ్రాన్ నంబరు నాకు మా అమ్మ నంబరు కంటే బాగా వచ్చేసింది" అన్నాను. నవ్వారు. అక్కడ గ్రాన్ మనవరాలు కూడా ఉంది. పాతికేళ్ళుంటాయేమో. తనూ భర్తా పిల్లల రంగులరాట్నం నడుపుతారు. కొత్త స్థలంలో ప్రతి వ్యానుకీ విడిగా నీళ్ళ కుళాయి ఉంటుందా అని రెండుసార్లు అడిగింది. ఉంటుందని చెప్పాను.

ఆఫీసుకొచ్చాక ఫారాలన్నీ కంప్యూటర్లోకెక్కాయి. మా పద్ధతి ప్రకారం ముందు డేటా శుభ్రం చేయాలి, తర్వాతే చూడాలి. ఒకే ఇంటివాళ్ళు రెండు ఫారాలిచ్చి ఉంటే తీసేయడానికి ఒక రూలు రాయాలి. నేనే రాశాను. ఇంటిపేరు, అడ్రసు, ఫోన్ నంబరు మూడూ కలిస్తే అది ఒకే కుటుంబం. బటన్ నొక్కాను. పద్నాలుగు ఫారాలు ఒకటయ్యాయి.

జులైలో ఆ బుధవారం పొద్దున పాత ఫైలు తెరిచి చూస్తే పద్నాలుగు ఇళ్ళకీ కలిపి ఒకే వరస ఉంది. మా ఊళ్ళో మా వీధంతా మా ఇంటిపేరే. ముప్పై గడపలుంటాయి. సగం మంది సగం మందితో మాట్లాడరు. ఎవడైనా కాగితం పట్టుకొచ్చి మీరంతా ఒక్క గడప అని రాసుకుపోతే మా చిన్నాన్న వాణ్ణి ఊరు దాటనిచ్చేవాడు కాదు. అలాంటి చోట పుట్టినదాన్ని, ఇంటిపేరు ఒకటయితే ఇల్లూ ఒకటేనని ఎలా రాశాను? తొందరలో రాశాను. అంతకంటే గొప్ప కారణం లేదు.

ఆ తొమ్మిది మీద ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదో కూడా అప్పుడే అర్థమైంది. రిపోర్టు సరిచూసుకోడానికి కౌన్సిల్ వాళ్ళు మైదానానికి వెళ్ళింది మే నెలలో. అప్పటికి షోలవాళ్ళంతా ఉత్తరాదికి వెళ్ళిపోయారు. అక్కడ మిగిలినవి గ్రాన్ వ్యాను, ఆ ఎనిమిదీ. లెక్కపెట్టుకుంటే సరిగ్గా తొమ్మిది.

మా బాస్‌కి ఫోన్ చేశాను. కరీంనగర్ ఆయన. నన్ను ఈ ఉద్యోగంలోకి తెచ్చింది, నా వీసాకి స్పాన్సర్ కాగితాలు పెట్టించింది ఆయనే. అన్నా అని పిలుస్తాను.

"అన్నా, పద్నాలుగు కుటుంబాల్ని నేను ఒకటి చేసేశా."

చెప్పిందంతా విన్నాడు.

"గా సంగతి ఇప్పుడు చెప్తున్నవా? రిపోర్టు పోయి మూడు నెలలాయె."

"ఇవాళే చూశానన్నా. రూలు రాసింది నేనే, తప్పు నాదే."

"నువ్వు రాస్తే అప్రూవ్ చేసింది నేను గదా. ఇప్పుడు క్లయింట్‌కి ఏమని చెప్తం? అడెండమ్‌ల పెడదాం తియ్, నెక్స్ట్ క్వార్టర్‌ల."

"అప్పటికి కౌన్సిల్‌లో ఓటింగ్ అయిపోద్దన్నా. తొమ్మిదే ఫిక్స్ చేసేస్తారు. మిగతావాళ్ళు డిసెంబర్లో వచ్చి ఎక్కడ దిగుతారు?"

"వాళ్ళల్ల ఒక్కలన్న ఫోన్ చేసి కంప్లైంట్ చేసిండ్రా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"వాళ్ళకి తెలిస్తే కదన్నా."

"చూడు, నీ రెన్యువల్ పేపర్లు నా టేబుల్ మీదనే ఉన్నయ్. జర ఆలోచించుకో" అని పెట్టేశాడు.

బెదిరింపో, జాగ్రత్తో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం బెదిరింపులాగే వినపడింది. మా ఆయన సాయంత్రం ట్రామ్ దిగి ఇంటికొచ్చేసరికి నేను అన్నం కూడా వండలేదు. కౌన్సిల్ ఆఫీసరుకి రాసిన మెయిల్ పంపకుండా ముందు పెట్టుకుని కూర్చున్నాను. చదివి, "పంపితే ఏమవుద్ది? మహా అయితే ఇంకో జాబ్ వెతుక్కుంటావ్. పంపకపోతే జీవితాంతం నా బుర్ర తింటావ్. నాకైతే పంపడమే బెటర్" అన్నాడు. బాస్‌కి కూడా కాపీ పెట్టి పంపేశాను. భయపడ్డానని చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

గురువారం ఎనిమిదింటికే ఆఫీసరు జవాబిచ్చాడు. మర్యాదగా, పొడి పొడిగా రాశాడు. మీటింగు కాగితాలు శుక్రవారం సాయంత్రం ఐదుకి మూసేస్తారు. అప్పటిలోగా ప్రతి కుటుంబం నుంచీ కొత్తగా సంతకం చేసిన ఫారం రావాలి. పాతవి చెల్లవు, ఎందుకంటే వాటిని మేమే ఒకే కుటుంబానివని రాసి ఇచ్చాం. ఫోన్‌కి లింకు పంపి వేలితో సంతకం పెట్టించుకున్నా సరే.

కారు అద్దం మీద మంచు గీకి, బయల్దేరి, పదిన్నరకి మైదానంలో ఉన్నాను. జనవరిలో పిల్లల గోలతో, జనరేటర్ల మోతతో ఉన్న చోట తెల్లటి గడ్డి, అక్కడక్కడా వ్యాన్లు. గ్రాన్ తలుపు తీసింది. మెట్టు మీద నిలబడే చెప్పేశాను. లోపల కూర్చున్నాక చెప్దామనుకుంటే నోరు పెగలదని నాకు తెలుసు.

"అంటే మమ్మల్నందర్నీ కలిపి ఒకళ్ళని చేశావా?"

"అవును."

"నీ కళ్ళతో చూసి కూడానా? ప్రతి వ్యానులోనూ కూర్చుని కూడానా?"

"అవును గ్రాన్."

"రోడ్డు మీద బతికేవాళ్ళమని మమ్మల్ని లెక్కచెయ్యని మనుషుల్ని చాలామందిని చూశాను. లెక్కపెట్టి మరీ తుడిచేసినదానివి నువ్వే" అంది. కళ్ళు ఎర్రబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవకూడదని పళ్ళు బిగించుకున్నాను. తప్పు చేసినవాళ్ళు ఏడిస్తే ఓదార్చే పని కూడా ఎదుటివాళ్ళ మీదే పడుతుంది.

కాసేపటికి, "ఎంత టైముంది?" అని అడిగింది. రేపు ఐదు దాకా అన్నాను. "అయితే ఏడ్చుకోడానికి తర్వాత టైముంటుంది. లోపలికి రా" అంది.

ఆమె పని చేసే తీరు అప్పుడు చూశాను. ఎవరి నంబరూ ఆమె దగ్గర లేదు, నంబర్లు మారిపోతుంటాయి కదా. ఎవరు ఏ రోజు ఏ దారిలో ఉంటారో మాత్రం నోటికొచ్చు. గురువారం కాబట్టి బొమ్మకార్ల వాళ్ళు ఫలానా ఊరి షోగ్రౌండులో సామాను విప్పుతుంటారు. పీచుమిఠాయి వాళ్ళు ఇంకా దారిలో ఉంటారు, మధ్యాహ్నానికి ఫలానా పెట్రోలు బంకులో ఆగుతారు. షోగ్రౌండు ఆఫీసులకి, బంకులకి వరసగా ఫోన్లు చేసింది. "పసుపు లారీ, తలుపు మీద నా నంబరు ఉంటుంది. ఆగగానే గ్రాన్‌కి ఫోన్ చెయ్యమని చెప్పు డార్లింగ్" అనేది. వేల కిలోమీటర్ల అవతల బంకుల్లో ఉన్నవాళ్ళు ఆమెని గొంతుతోనే గుర్తుపట్టారు.

వాళ్ళు తిరిగి ఫోన్ చేస్తే గ్రాన్ రెండు ముక్కల్లో చెప్పి నాకిచ్చేది. నేను తప్పొప్పుకుని, లింకు పంపి, సంతకం వచ్చేదాకా లైన్లో ఉండేదాన్ని. ఒకతను బండబూతులు తిట్టాడు. ఇంకొకామె, "ఇదంతా మళ్ళీ ఎవరో నొక్కి తుడిచెయ్యరని గ్యారంటీ ఏంటి?" అంది. సరైన ప్రశ్నే. ప్రతి పేరూ నేనే కూర్చుని కౌన్సిల్ కాగితంలో చూస్తాననే మాట తప్ప ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. గురువారం ఏడింటికి ఆరు సంతకాలొచ్చాయి. ఆ రాత్రి మోటెల్లో పడుకున్నాను, నిద్ర పట్టలేదు. బాస్ దగ్గర్నుంచి ఒక్క మెసేజీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి పన్నెండు. ఇంక మిగిలినవి గ్రాన్‌ది, మనవరాలిది. గ్రాన్ తనది చివర్న పెడతానంది. ఎదురుగానే ఉంది కాబట్టి నేనూ తొందరపెట్టలేదు. మనవరాలు వాళ్ళు పన్నెండింటికి ఒక బంకులో డీజిలు కొట్టించుకుని వెళ్ళిపోయారట. మేము పది నిమిషాలు ఆలస్యంగా ఫోన్ చేశాం. అక్కడి నుంచి తర్వాతి బంకుకి ఐదు గంటల ప్రయాణం. మధ్యలో సిగ్నల్ అనేదే ఉండదు.

"ఆ బంకతను ఎవర్నయినా వెనకాల పంపలేడా?" అని అడిగాను.

"లారీకి ముందుకెళ్ళిపోయిన మూడు గంటలు ఎవరు తెచ్చిస్తారు?" అంది గ్రాన్.

ఆఫీసరుకి ఫోన్ చేసి సోమవారం దాకా గడువడిగాను. "ఒక్క కుటుంబానికి ఇస్తే అందరికీ ఇవ్వాలి, సారీ" అన్నాడు. నాలుగైంది. మనవరాలు కిందటిసారి ఫోన్ చేసిన నంబరుకి చేస్తూనే ఉన్నాం, అందుబాటులో లేరని ఒకే గొంతు చెప్తూనే ఉంది. నాలుగుంపావుకి గ్రాన్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"దానికి నవంబర్లో కాన్పు. నీకు తెలుసా?"

తెలియదు. జనవరిలో నేను అడిగిన ప్రశ్నల్లో అది లేదు, ఉండి ఉన్నా అప్పటికింకా చెప్పడానికేమీ లేదు.

"ఇద్దరు బిడ్డలు కడుపులోనే పోయారు, రోడ్డు మీద ఉండగా. ఈసారి ఇక్కడే ఉండి కంటానంది, ఏడాది ఎక్కడికీ తిరగనంది. దానికి స్థలం లేదంటే అది మళ్ళీ లారీ ఎక్కుతుంది." ఫారం తనవైపు లాక్కుంది. "ఇందులో సంతకం ఎవరు పెట్టొచ్చు? సరిగ్గా చదువు."

చదివాను. ఆ వ్యానులో ఉండే పద్దెనిమిదేళ్ళు దాటిన ఎవరైనా.

"అయితే నేను దాని వ్యానులో ఉంటున్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అలా రాస్తే మీకు మీ ఫారం ఉండదు గ్రాన్. ఒక మనిషి ఒక్క కుటుంబంలోనే ఉండాలి" అన్నాను.

"నాకు చదువు రాదనుకున్నావా?"

"మీరు ఇక్కడ ముప్పై ఏళ్ళ నుంచి ఉన్నారు."

"అదే చెప్తున్నా. నాకు ముప్పై ఏళ్ళు దొరికాయి."

"నేను రాసేది నిజమయ్యుండాలి. మీరు నిజంగా అక్కడికి మారతారా?"

"అది రాగానే మారతాను. నా వ్యాను అమ్మేస్తాను. రాత్రిళ్ళు పిల్ల ఏడిస్తే లేవడానికి ఎలాగూ ఒకరుండాలి" అంది. తర్వాత, "దానికి మాత్రం చెప్పకు. పొగరుబోతు పిల్ల. తెలిస్తే తీసుకోదు" అని నా మణికట్టు పట్టుకుంది. చెప్పనని మాటిచ్చాను.

నాలుగూ నలభైకి ఆమె సంతకం పెట్టింది. పేరు రాయడానికి చాలాసేపు పట్టింది, వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. నేను ఆమె ఫారం తీసి పక్కన పెట్టి, మనవరాలి ఫారంలో మూడో పెద్ద మనిషిగా ఆమె పేరు ఎక్కించి, పదమూడు ఫారాలూ పంపాను. చేరినట్టు జవాబొచ్చేసరికి ఐదుకి పది నిమిషాలుంది. గ్రాన్ అప్పుడు కెటిల్ పెట్టింది. నన్ను అడగలేదు, కప్పు నా ముందు పెట్టింది. ఇద్దరం కూర్చుని తాగాం.

కౌన్సిల్ ఇరవై ఒకటికి ఒప్పుకుంది. ఇచ్చిన మాట ప్రకారం కాగితంలో ఒక్కో పేరూ వేలు పెట్టి చదివాను, అన్నీ ఉన్నాయి. బాస్ మూడు వారాలు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. తర్వాత రెన్యువల్ కాగితాల మీద సంతకం పెట్టి, "ఇగ నీకు సర్వే పనులు మాత్రం ఇయ్యను" అన్నాడు. అందులో ఆయన్ని తప్పు పట్టను. ఆ మాటతో నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. అయిపోయిందనే అనుకున్నాను.

డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. గ్రాన్ నంబరు. తీరా ఎత్తితే మనవరాలు. వెనక పసిబిడ్డ ఏడుపు వినపడుతోంది.

"కొత్త స్థలానికొచ్చాం. లిస్టు అంటించారు. అందరి పేర్లూ ఉన్నాయి, గ్రాన్‌కి స్థలం లేదు. ఆవిడ వ్యానుని రేపటికల్లా తీసేయమంటున్నారు. అడిగితే నాతో ఉంటానని చెప్తోంది, ఎందుకో చెప్పట్లేదు. అసలు ఆవిడని ఎవరు తీసేశారు?"

వెనకనుంచి గ్రాన్ గొంతు, "ఆ ఫోనిలా ఇయ్యి" అంటోంది. ఆ అమ్మాయి ఇవ్వలేదు.

"నేనే తీసేశాను" అన్నాను.

"ఎందుకు?"

జనవరిలో నేను రాసిన రూలు దగ్గర మొదలుపెట్టి చెప్పాను. పద్నాలుగు ఫారాలు ఎలా ఒకటయ్యాయో, నాకు ఎప్పుడు తెలిసిందో, మిగిలింది రెండు రోజులేనని, వాళ్ళ కోసం ఎన్నిసార్లు ఫోన్ చేశామో, అంతా చెప్పాను. గ్రాన్‌కిచ్చిన మాట ఉంది కాబట్టి సంతకం దగ్గరికొచ్చి ఆగిపోయాను. బిడ్డని భుజం మార్చుకున్నట్టుంది, ఏడుపు కాస్త దూరమైంది.

"అయితే నువ్వు చేసిన తప్పుకి మా గ్రాన్ చోటు పోయిందన్నమాట."

"అవును" అన్నాను.